అప్‌డేట్: మార్షల్ ముందే ఓడిపోయే ఆ ఎపిసోడ్ దొరికింది

మార్షల్‌ని (అంటే పోలీసు అధికారిని) మొదట్లోనే కాల్చి పడేసే పాత వెస్టర్న్ (కౌబాయ్) ఎపిసోడ్ ఏదని, ‘దూరం’ గురించి ఏదో ఉందని మాత్రమే గుర్తుందని పోయిన వారం అడిగాను కదా, దొరికింది! అమెరికన్ టీవీ సీరియల్ ‘గన్‌స్మోక్’ మొట్టమొదటి ఎపిసోడే, ‘మ్యాట్ గెట్స్ ఇట్’. 1955 సెప్టెంబర్ 10న వచ్చింది. ముందుగా హాలీవుడ్ నటుడు జాన్ వేన్ వచ్చి సీరియల్‌ని పరిచయం చేస్తాడు, అది నాకు అస్సలు గుర్తులేదు.

నిన్న రాత్రి మళ్లీ చూశాను. విలన్ డాన్ గ్రాట్ తుపాకీ తీసే వేగానికి మార్షల్ మ్యాట్ డిలన్ నేలకూలతాడు. కోలుకున్నాక అతనికి అసలు సంగతి తడుతుంది: గ్రాట్ ఎప్పుడూ ఎదుటివాడికి బాగా దగ్గరికొచ్చాకే కాలుస్తాడు. వేగం ఉంది, గురి లేదు! రెండోసారి మ్యాట్ దూరంగానే నిలబడతాడు, వాణ్ణి దగ్గరికి రానివ్వడు. ఆ కాసేపూ నాకు ఎంత టెన్షనో! సీరియల్ 20 సీజన్లు నడిచింది గానీ, నాకు మాత్రం ఇదే ప్రాణం.

‘దూరం’ అన్న ఒక్క ముక్కతో గుర్తుపట్టి చెప్పినవారికి చాలా థ్యాంక్సండీ.