తలకు దెబ్బ, చెవిలో నెత్తురు: ఏ సీటీ తీయాలె?

హన్మకొండ టెక్నీషియన్: బండి మీదికెళ్లి పడ్డ మనిషి. బ్రెయిన్ సీటీ నార్మల్, కుడి చెవి వినవడ్తలేదు. మళ్ల స్కాన్ తీయాల్నా అన్నా?

రేడియాలజీ అన్న: ముందుగాల కన్సోల్ (స్కానర్ కంప్యూటర్) చూడు తమ్మీ. సన్న స్లైసుల రా డేటా (స్కానర్ తీసిన అసలు సమాచారం) చెరిగిపోకుంటే మళ్ల తీయకుంట రీకన్ (అదే డేటాతోని చెవి ఎముక బొమ్మలు కొత్తగ తయారుచేసుడు) చాలు: 0.6 మి.మీ., బోన్ ఆల్గోరిథమ్ (ఎముక అంచులు సాఫ్‌గ కనవడే సెట్టింగ్), ఒక్కో చెవికి వేర్వేరుగ. 5 మి.మీ. స్లైసుల్ల సన్న పగులు దొరకదు. ఆక్సియల్‌ల (అడ్డకోత బొమ్మల) మాలియస్ (చెవిలోపలి చిన్న ఎముక) తల, ఇంకస్ (దాని పక్క ఎముక) కోన్ మీద ఐస్‌క్రీమ్ లెక్క అతికి ఉండాలె. సందు కనవడితే కీలు జారినట్టే. సూచర్‌ను (ఎముకల నడుమ సహజంగ ఉండే అతుకు గీతను) పగులనుకోకు, రెండో పక్కతోని పోల్చు.

ఈఎన్‌టీ: చెవిల నెత్తురు నిండినా వినికిడి తగ్గుతది. 6–8 వారాలకు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుండ్రి. ఎయిర్-బోన్ గ్యాప్ (గాలి ద్వార, ఎముక ద్వార వినవడుట్ల తేడా) అప్పటికీ 30 డెసిబెల్స్ దాటితే ఆ చిన్న ఎముకల గొలుసు తెగిందనే అనుమానం. చుక్కల మందు, కడుగుడు వద్దే వద్దు. దెబ్బ తాకంగనే మూతి వంకర పోతే మాత్రం వారాలు ఆగొద్దు.