సంఘం డబ్బు పుస్తకాలకా, కెరీర్ గైడెన్స్‌కా? (పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వాళ్ళు రాయండి)

నిర్వాహకుడు
డిగ్రీ పిల్లల కోసం ఒడిశాలోని మన తెలుగు సంఘానికి ఒక దాత 80 వేలు ఇచ్చారు. ఈ విద్యా సంవత్సరంలోనే ఖర్చు పెట్టాలన్నది ఆయన షరతు. కమిటీలో రెండు మాటలు వచ్చాయి. ప్లస్ త్రీ (డిగ్రీ) పుస్తకాలు కొని పిల్లలకు అరువిచ్చే బుక్ బ్యాంకు పెడదామని కొందరు. ఆదివారాల్లో తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి ఉద్యోగాలు, పోటీ పరీక్షలు, ఫారాల గురించి చెప్పిద్దామని కొందరు. వచ్చే ఆదివారం మీటింగులో తేల్చాలి. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936 జోలికి మాత్రం పోకండి. పోయినసారి థ్రెడ్ అక్కడే మునిగింది.

పర్లాకిమిడి పాతకాపు
ఇందులో తేల్చడానికేముంది? పుస్తకాలే. నా ఉద్యోగమంతా కాలేజీ లైబ్రరీ కౌంటర్ వెనకే గడిచింది. కాలేజీలో చేరిన పిల్లాడు సెమిస్టర్ సగం దాకా పుస్తకం లేకుండానే తిరుగుతాడు. పరీక్షలు దగ్గర పడ్డాక గెస్ పేపర్లు జిరాక్సు తీయించుకుంటాడు. అవి బట్టీ పట్టి గట్టెక్కుతాడు. మూడేళ్ళ చదువు పూర్తయినా అసలు పుస్తకం అట్ట రంగేమిటో తెలియదు. 1896లోనే కాలేజీ పెట్టిన ఊరు మనది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు. ఇక్కడి తెలుగు పిల్లవాడికి తెలుగు పుస్తకం దొరకదంటే వినడానికే సిగ్గుగా ఉంది.

నా లెక్క ఇది: 60 వేలకు పుస్తకాలు, అందులో సగం తెలుగు అకాడమీవి. మిగిలినది బీరువాలకు, బైండింగుకు. ఇంకో మాట. బుక్ బ్యాంకు పుస్తకం జిరాక్సు షాపు గడప తొక్కకూడదు. ఆ నియమం కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాలి.

మహేంద్రతనయ
మాస్టారూ, నమస్కారం. పుస్తకాలు వద్దని నేను అనను, ఏ పుస్తకాలని అడుగుతున్నాను. 2024-25లో ఒడిశాలో కొత్త విద్యావిధానం కింద డిగ్రీ పేపర్లన్నీ మారాయి. నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది. మీరు బీరువా నింపేలోపు అవి మళ్ళీ మారవన్న నమ్మకం ఏముంది? పైగా తెలుగు అకాడమీ పుస్తకాలు అటువైపు సిలబస్ చూసి రాసినవి. మా పిల్లలు రాసేది బరంపురం యూనివర్సిటీ పేపరు. నేను రాసింది ఇంగ్లీషులో, నా పక్క బెంచీ అమ్మాయి రాసింది ఒడియాలో. తెలుగులో చదివి ఏ భాషలో రాయమంటారు?

పిల్లలకు పుస్తకం కన్నా ముందు సమాచారం లేదు. రైల్వే బోర్డు పరీక్ష తెలుగులో రాయొచ్చని ప్లస్ త్రీ ఆఖరి ఏడాది పిల్లలకు నేను చెబితే నమ్మలేదు. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది, పేరు నమోదుకు పైసా అక్కర్లేదు. మా వీధిలో ఒక కుర్రాడు ఆ నమోదుకే నెట్ సెంటరులో డబ్బు కట్టి వచ్చాడు.

బరంపురం పట్టు
మధ్యలో జిరాక్సు షాపులేం పాపం చేశాయండీ? నాదీ ఒకటుంది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర జిరాక్సు షాపు మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణకర్తలు కేసు వేస్తే 2016లో హైకోర్టు షాపు వైపే చెప్పింది. తర్వాత వాళ్ళే కేసు వెనక్కి తీసుకున్నారు. చట్టం చదవండి మాస్టారూ.

పర్లాకిమిడి పాతకాపు
చదివాను బాబూ. 1957 కాపీరైట్ చట్టం, 52వ సెక్షను. అధ్యాపకుడు పాఠం చెప్పడానికి కావలసిన భాగాలు తీయించి కట్టగా ఇస్తే తప్పు కాదని ఆ కేసులో తేలింది. మీ షాపులో వేలాడేవి అవా? ‘20 ప్రశ్నలు, గ్యారంటీ’ అని రాసి ఉన్న గెస్ పేపర్లు. వాటికీ ఆ తీర్పుకూ సంబంధం ఏమిటి?

బరంపురం పట్టు
20 కాదు, 15. మావి ఇంకా చిన్నవి :)

బీకాం రెండో ఏడు
నమస్తే అండి. మా కాలేజీ నోటీసు బోర్డులో ఎన్-లిస్ట్ (ఆన్‌లైన్‌లో పుస్తకాలు, పత్రికలు చదివేది) ఉందని రాశారు. లాగిన్ ఎవరిని అడగాలి?

పర్లాకిమిడి పాతకాపు
పట్టు గారూ, మీరు నవ్వుతున్నారు గాని నా బాధ వేరే. ఒకసారి మా లైబ్రరీకి ఆర్థికశాస్త్రం కొత్త ప్రతులు వచ్చాయి. ఒక ప్రతి బైండింగు విప్పి, జిరాక్సు తీసి, పేజీలు అటుదిటు కుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. గిరాకీ-సరఫరా పాఠం మధ్యలో బ్యాంకింగు. అందుకే జిరాక్సు నియమం ఉండాలంటున్నాను. కెరీర్ గైడెన్స్ అంటారా, ఫోనులో అన్నీ ఉన్నాయి. పుస్తకం ఫోనులో లేదు.

మహేంద్రతనయ
ఫోనులో అన్నీ ఉన్నాయి, వాటిలో సగం అబద్ధాలు. రోజుకో ‘10వ తరగతి పాసైతే చాలు, నెలకు 40 వేలు’ అనే లింకు వస్తుంది. ఏది నిజమో చెప్పే మనిషి కావాలి. ఇంతసేపు జిరాక్సు మీదే మాట్లాడుతున్నాం, డబ్బు సంగతి ఒక్క అడుగు కదల్లేదు.

గుణుపురం ప్యాసింజర్
నేను మామూలుగా చదివి ఊరుకుంటాను. ఈ రోజు రాస్తాను, ఎందుకంటే ‘ఫోనులో అన్నీ ఉన్నాయి’ అన్నారు మాస్టారు.

మా అబ్బాయి తెలుగు మీడియం. పదో తరగతిలో తెలుగే మొదటి భాష. మార్కులు బాగా వచ్చాయి. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి రాత పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కుల మీదే తీసుకుంటారు కదా, ఒడిశా సర్కిల్‌కి ఫారం నింపాడు. స్థానిక భాష చదివావా అని అడిగితే అవునని నొక్కాడు. వాడికి ఒడియా మాట్లాడటం మనకన్నా బాగా వచ్చు, అందుకని నొక్కాడు. లిస్టులో పేరు వచ్చింది. వీధిలో స్వీట్లు పంచాను. సర్టిఫికెట్లు చూసినప్పుడు పదో తరగతి మార్కుల మెమోలో ఒడియా లేదని వెనక్కి పంపారు. వాళ్ళ తప్పేం లేదు, ఆ భాష పది వరకు చదివి ఉండాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. ఇంగ్లీషులో. మేం చదవలేదు. నింపిన నెట్ సెంటరు వాడు చదవలేదు. మా వాడి కాలేజీలో కెరీర్ కౌన్సెలింగ్ సెల్ అని బోర్డున్న గది ఒకటుంది, దాంట్లో స్పోర్ట్సు సామాను పెట్టి తాళం వేస్తారు. ఆ ఏడాది నుంచి వాడు నాతో సరిగ్గా మాట్లాడడు.

చంద్రపూర్ బొగ్గు
మాకూ ఇదే. మహారాష్ట్ర సిరొంచలో నిలబడితే గోదావరి అవతల కాళేశ్వరం కనిపిస్తుంది. కాలేజీ మాత్రం గడ్చిరోలి గోండ్వానా యూనివర్సిటీ కింద, ఉద్యోగం ఫారం మరాఠీలో.

పర్లాకిమిడి పాతకాపు
ప్యాసింజర్ గారూ, చదివి బాధపడ్డాను. కానీ అదే తెలుగుతో ఆంధ్రా సర్కిల్‌కి వేసి ఉంటే? అక్కడ స్థానిక భాష తెలుగే. పాతపట్నం మనకు ఎంత దూరం, నడిచి వెళ్ళొచ్చు. మన పిల్లలు అటు చూడాలి. తెలుగు పుస్తకాలు ఎందుకు కావాలంటున్నానో ఇప్పుడైనా అర్థమైందా?

మహేంద్రతనయ
ఇప్పుడు బాగా అర్థమైంది మాస్టారూ. ఇది పుస్తకాల బ్యాంకు కాదు, ఊరు ఖాళీ చేయించే పథకం.

పర్లాకిమిడి పాతకాపు
అమ్మాయీ, మాట జాగ్రత్త.

మహేంద్రతనయ
జాగ్రత్తగానే అంటున్నాను. మీ పిల్లలిద్దరూ విశాఖలో స్థిరపడ్డారు. సంతోషం. వాళ్ళను చిన్నప్పుడే అటు బంధువుల ఇంట్లో ఉంచి చదివించగలిగారు. మా నాన్నకు ఆ వీలు లేదు. నాకూ చెప్పారు, ‘తెలుగు గట్టిగా చదువు, అటు వెళ్ళిపోదువుగాని’ అని. అటు వెళితే ఏమన్నారో తెలుసా? నాన్‌లోకల్. రాజ్యాంగం 371-డి కింద 1974 నుంచి రాష్ట్రపతి ఉత్తర్వులున్నాయి. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకు. మిగతా 15కి కూడా అక్కడ ఏళ్ళ తరబడి నివాసమో, తల్లిదండ్రుల ఉద్యోగమో చూపించాలి. ఇక్కడ తెలుగువాళ్ళం, అక్కడ ఒడిశావాళ్ళం.

నేను బతికింది ఒడియాతో. మా వీధిలో పాలు పోసే ఆవిడ కూతురి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాను. ఈ రాష్ట్రం ఉద్యోగాలకు ఒడియాలో పెద్ద పాండిత్యం అడగరు. ఏడో తరగతి స్థాయి పాసైనట్టు కాగితం ఉండాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఆ స్థాయి పరీక్ష విడిగా రాసుకోవచ్చు. గ్రామీణ బ్యాంకు పరీక్షకైనా ఇక్కడి భాష రావాలి. ఈ సంగతి పదో తరగతికి ముందే పిల్లలకు చెప్పేవాళ్ళుంటే ప్యాసింజర్ గారి అబ్బాయి ఈరోజు ఇంట్లో కూర్చోడు. ఆ 80 వేలు ఒడియా ట్యూషనుకూ, ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చునే మనిషికీ పెట్టండి.

బరంపురం పట్టు
అమ్మో.

పర్లాకిమిడి పాతకాపు
నా పిల్లల సంగతి ఇక్కడికి ఎందుకు తెచ్చావు? వాళ్ళను దూరం పెట్టి చదివించడం నాకు సులువనుకున్నావా? పండగకు తప్ప ఇంటికి రారు. ఒడియా నేర్చుకోవద్దని నేనెప్పుడన్నాను? కౌంటర్ దగ్గర రోజూ మాట్లాడింది ఒడియానే. కానీ తెలుగు సంఘం డబ్బుతో ఒడియా ట్యూషను పెడితే, రేపు తెలుగు బడిలో పిల్లల్ని ఎవరు వేస్తారు? ‘సంఘమే ఒడియా నేర్పిస్తోంది, ఇంకెందుకు’ అంటారు. ఇంట్లో ఇప్పటికే సగం మాటలు మారిపోయాయి. నా మనవడు నాకు ఇంగ్లీషులో మెసేజీ పెడతాడు. కనీసం ఇక్కడి పిల్లలైనా...

గుణుపురం ప్యాసింజర్
మాస్టారూ, తెలుగును నిలబెట్టే బరువు మా వాడి మార్కుల మెమో మీద పెట్టకండి. వాడు తెలుగు మర్చిపోడు. ఉద్యోగం వస్తే తెలుగులోనే ఫోను చేసి చెబుతాడు.

ఇచ్ఛాపురం ఇవతల
అసలు పర్లాకిమిడి అటు ఉండి ఉంటే ఈ గొడవే లేదు. 1936లో ఏం జరిగిందంటే

నిర్వాహకుడు
ఆపండి. తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. వ్యక్తిగత విషయాలు వద్దు, పిల్లలు, మనవళ్ళ ప్రస్తావనా వద్దు. మహేంద్రతనయ గారూ, పాతకాపు గారూ, ఇద్దరికీ చెబుతున్నాను.

బీకాం రెండో ఏడు
ఎన్-లిస్ట్ లాగిన్ గురించి ఎవరికైనా తెలుసా అండి? పైన కూడా అడిగాను.

పర్లాకిమిడి పాతకాపు
బాబూ, చూడలేదు. లాగిన్ మీ లైబ్రేరియన్ ఇస్తారు. ఎన్-లిస్ట్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళు నడిపేది. కాలేజీ చందా కడితే, లైబ్రేరియన్ ఒక్కొక్క విద్యార్థి పేరూ ఈమెయిలూ ఎక్కించాలి. ఆ పని చాలా చోట్ల అధ్యాపకుల పేర్లతోనే ఆగిపోతుంది. నీ ఐడీ కార్డు, ఈమెయిల్ ఒక కాగితం మీద రాసి ఇవ్వు, నోటితో అడగకు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళు. అందులో ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలే, బీకాంకి పనికొస్తాయి. ఈలోపు ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళ నేషనల్ డిజిటల్ లైబ్రరీలో నువ్వే నమోదు చేసుకోవచ్చు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

బీకాం రెండో ఏడు
చాలా థాంక్స్ సార్. ఇది కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మహేంద్రతనయ
మాస్టారూ, మీరిప్పుడు చేసిన దాన్నే నేను కెరీర్ గైడెన్స్ అంటున్నాను.

పర్లాకిమిడి పాతకాపు
దాన్ని లైబ్రరీ పని అంటారు.

చంద్రపూర్ బొగ్గు
ఇద్దరికీ చెరి 40 వేలు ఇచ్చేయండి బాబూ.

మహేంద్రతనయ
వద్దు. చెరి సగమైతే ఆయనకు రెండు బీరువాలు, నాకు రెండు నెలల ట్యూషను. రెండూ మధ్యలో ఆగిపోతాయి. ఒకటే పెట్టండి, ఓటింగుకు పెట్టండి. మాస్టారు ఆదివారాల్లో కూర్చుంటానంటే ఆ కుర్చీకి నా ఓటు కూడా వేస్తాను, జీతం లేకుండా.

పర్లాకిమిడి పాతకాపు
కూర్చోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఒడియా ట్యూషనుకు సంఘం డబ్బు పెట్టడానికి మాత్రం నా ఓటు పడదు. అది నీ సొంతంగా పెట్టుకో, కావాలంటే మా ఇంటి వసారా వాడుకో. జిరాక్సు నియమం సంగతి కూడా ఎజెండాలో రాయండి నిర్వాహకుడు గారూ, అందరూ మర్చిపోయారు.

గుణుపురం ప్యాసింజర్
మీటింగు ఎన్ని గంటలకు? మా వాడిని తీసుకొస్తాను, వస్తే. పలాస బండి చూసుకుని బయల్దేరాలి.