మోడల్ రాయకుండా నీళ్లలో రోబో దించకూడదా?

తిరుచానూరు_కుర్రోడు: ఫైనలియర్ ప్రాజెక్టుకి వ్యవసాయ బావుల లోపలి గోడలు చూసే చిన్న రోబో చేస్తున్నాం. నీళ్లను తోసి నడిపే నాలుగు థ్రస్టర్లు, లోతు తెలిపే ప్రెషర్ సెన్సర్. ముందు గణిత మోడల్, సిమ్యులేషన్ చూపిస్తేనే దించమంటున్నారు గైడ్. పీఐడీ (ఎంత తేడా ఉందో చూసి తోపు సర్దే కంట్రోలర్) పెట్టి నీళ్లలోనే ట్యూన్ చేసుకుంటే కుదరదా?

బావిచేప: ఎందుకు కుదరదు? నాది 11 కిలోల రోబో. మోడల్ ఒక్క లైను రాయలేదు. మూడు మీటర్ల దగ్గర నిలబడమంటే నిలబడింది.

మాత్రిక: కదలని నీళ్లలో నిలబడటం గొప్ప కాదన్నా. కదిలించినప్పుడు చూడాలి. వేగం మారాలంటే రోబోతో పాటు చుట్టూ ఉన్న నీళ్లనూ తొయ్యాలి, అదే యాడెడ్ మాస్. గోళమైతే అది తొలగించిన నీటి ద్రవ్యరాశిలో సగం. నీ రోబో నీళ్లలో మునగక, తేలక నిలిచే గోళమే అనుకుంటే 11కి అయిదున్నర కలిపి థ్రస్టర్లకి 16.5 కిలోల లెక్క.

బావిచేప: కాటా మీద పెట్టి చూశా తమ్ముడూ. దించకముందు 11, తీశాక 11. మిగతా అయిదున్నర ఎవరు తిన్నారు?

మాత్రిక: అది కాటాకి తెలియదు. వేగం మారేటప్పుడే తెలుస్తుంది.

కొండకింద: ఈ 11 కిలోలు తేలేలోపు కుర్రోడి వైవా అయిపోతుంది.

ఆరుకాళ్లు: మా ల్యాబులో స్టీవర్ట్ ప్లాట్‌ఫాం ఉంది, పొడవు మారే ఆరు కాళ్ల మీద పలకని కదిపే యంత్రం. పలక ఎక్కడుండాలో చెబితే ఆరు కాళ్ల పొడవులు చిటికెలో వస్తాయి. పొడవులిచ్చి పలక ఎక్కడుందని అడిగితే 40 జవాబుల దాకా రావచ్చు. మోడల్ లేకుండా ఏ జవాబు పట్టుకుంటావు?

బావిచేప: దాన్ని నేలకి బోల్టేశారు. ఇది నీళ్ల గొడవ, నువ్వుండు.

మాత్రిక: సరే, నీళ్లే. బావిలో సరిగ్గా తేలేలా సర్దిన రోబోని తూపిలిపాళెం సముద్రానికి తీసుకెళ్లు. ఉప్పునీళ్లు దాన్ని ఇంకో 275 గ్రాములు పైకి తోస్తాయి.

బావిచేప: జేబులో సీసం ముక్కలున్నాయి. మునిగేదాకా కడతా. మిగిలింది పీఐడీలో ఐ, అదే తేడాని కూడబెట్టి సరిచేసే భాగం, చూసుకుంటుంది.

మాత్రిక: చూసుకుంటుంది, నిదానంగా! ఈలోపు రోబోకున్న గ్రిప్పర్ చెయ్యి (వస్తువుల్ని పట్టుకునేది) ముందుకి చాపావనుకో, ముక్కు కిందికి వాలి గోడకి కొట్టుకుంటుంది. చెయ్యి చాపితే బరువెటు జరుగుతుందో ముందే తెలిస్తే ఆ తోపు ముందే ఇవ్వొచ్చు. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లు ఇంజనీర్లెందుకు అవుతారో.

బావిచేప: ఓపిక గురించి నాకు చెప్పకు. నెలన్నర మొలలోతు నీళ్లలో నిలబడ్డా. నీళ్లు లోపలికి రాకుండా ఆపే ఓ-రింగ్ కారి రెండు బోర్డులు కాలిపోయాయి. వైవాలో 'సమీకరణాలేవి' అని సగం మార్కులు కోశారు. పక్క బ్యాచ్ రోబో తడవనే లేదు, స్క్రీన్ మీద ఈదింది. దానికి మొదటి బహుమతి! మీ మోడళ్లంటే నాకు మంట అందుకే.

తిరుచానూరు_కుర్రోడు: అన్నా, నా ప్రశ్న...

మాత్రిక: స్క్రీన్ మీద ఈదించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా కాలేజీలో తొట్టి లేదు. చెరువులో దించడానికి పర్మిషన్ అడిగితే మూడు నెలలు తిప్పి కాగితం వెనక్కిచ్చారు. నా దగ్గరున్నది లాప్‌టాప్ ఒక్కటే. నీళ్లుంటే నేను దిగనా?

కొండకింద: ఇదా అసలు సంగతి.

బావిచేప: ...ముందే చెప్పొచ్చు కదా. మా బావి చంద్రగిరి దగ్గర. ఆదివారం మోటారెయ్యం. కుర్రోణ్ణి కూడా తీసుకురా.

మాత్రిక: వస్తా. రోబో ఎన్ని లీటర్ల నీళ్లు తొలగిస్తుందో చెప్పు, మోడల్లో వేసుకొస్తా.

బావిచేప: చెప్పను. వచ్చి కొలుచుకో. యాడెడ్ మాస్ మాత్రం నేను ఒప్పుకోలేదు.