మైటర్ సా దగ్గర చేతి తొడుగులు ఉండాలా, తీసేయాలా?

ఒంగోలు వడ్రంగి:
ద్వారబంధాలకు, బీడింగులకు మేము 10 అంగుళాల బ్లేడున్న మైటర్ సా (కర్రను కావాల్సిన కోణంలో అడ్డంగా కోసే కరెంటు రంపం) వాడుతున్నాం. ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో పని ఒప్పుకుంటే, తొడుగులు లేనిదే మిషన్ ముట్టుకోవద్దని సూపర్‌వైజరు పట్టుబడుతున్నారు. తొడుగులు తీశాకే స్విచ్ నొక్కాలని నేను కుర్రవాళ్లకు నేర్పాను. టేకు పేడు గుచ్చుకుంటే ఒక పూట నొప్పి. తొడుగు దారం బ్లేడు పంటికి చిక్కితే వేళ్లే పోతాయి. మీరేమంటారు?

నెల్లూరు సైట్ ఇంజినీరు:
మేస్త్రీ గారూ, సైటులో నియమం ఒక్కరి కోసం పెట్టరు. ఒకరు కమ్మీలు మోస్తారు, ఇంకొకరు చీమకుర్తి గ్రానైటు పలకలు ఎత్తుతారు. ఎక్కడ వేసుకోవాలో, ఎక్కడ తీయాలో ఎవరికి వారే తేల్చుకుంటే సాయంత్రానికి ఒక్కరి చేతికీ తొడుగు ఉండదు. చేతిని అంటిపెట్టుకుని ఉండే రబ్బరు పూత తొడుగులు దొరుకుతున్నాయి కదా, వాటితో ఏమిటి ఇబ్బంది?

కావలి అల్యూమినియం పని:
కోసిన అల్యూమినియం అంచు చేతిని చీరేస్తుంది. అందుకే ముక్కలు ఎత్తేటప్పుడు వేసుకుంటాం, కోసేటప్పుడు తీస్తాం. రోజంతా కిటికీలే కోసేవారికి ఇది విసుగు పనే. అయినా తప్పదు.

ఒంగోలు వడ్రంగి:
ఇంజినీరు గారూ, బ్లేడు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని పళ్లు సెకనుకు 66 మీటర్ల వేగంతో వస్తాయి. కత్తి కోతను ఆపే తొడుగులైనా తిరిగే రంపాన్ని ఆపడానికి తయారైనవి కావు. పైగా తొడుగు ఉందన్న ధైర్యంతో చేయి తెలియకుండానే బ్లేడు వైపు జరుగుతుంది. నా భయమంతా అక్కడే.

చేతిని కాపాడేది దూరం. బ్లేడుకు ఆరు అంగుళాల లోపు చేయి పెట్టకూడదు. అంతకన్నా దగ్గర పట్టుకోవాల్సిన ముక్కను క్లాంపుతో బిగించాలి, లేదా పొడవైన కర్రలోంచే కోసుకోవాలి. వంకర కర్ర అయితే ఉబ్బిన వైపు వెనుక ఫెన్సుకు, అంటే కర్రను ఆనించే నిలువు పట్టీకి, ఆనాలి. తిప్పి పెడితే కోత మధ్యలో బ్లేడు బిగుసుకుని కర్ర ఎగురుతుంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించాలి. కోత అయ్యాక స్విచ్ వదిలి, బ్లేడు ఆగేదాకా హ్యాండిల్ కిందనే ఉంచాలి. తిరుగుతుండగానే పైకెత్తితే తెగిన ముక్కను విసిరికొడుతుంది. అడ్డొస్తోందని బ్లేడును కప్పే గార్డును తీగతో కట్టేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి చోట తొడుగుల గురించి మాట్లాడటమే అనవసరం.

ఉదయగిరి నుంచి:
మా ఊళ్లో చెక్క స్పూన్లు, గరిటెలు చేసేవారివన్నీ చిన్న ముక్కలే. అలాంటి వాటిని మైటర్ సా మీద పెట్టాలని ఎవరూ ఆశపడవద్దు. చేతి రంపం, ఆకురాయి చాలు. మాస్కు సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

నెల్లూరు సైట్ ఇంజినీరు:
దూరం మాట ఒప్పుకుంటాను. మా సైటులో మిషన్ బల్ల చుట్టూ గీత గీయిస్తాను. గీత లోపల తొడుగులు వద్దు, బయట తప్పనిసరి. కానీ లోపల క్లాంపు, కళ్లద్దాలు, మాస్కు లేకపోతే పని ఆపించేస్తాను.

ఒంగోలు వడ్రంగి:
ఆపించండి, నాకు సమ్మతమే. గీత అవతల పెట్టుకున్న తొడుగులు తీయకుండా హడావుడిగా లోపలికి వచ్చేవాడి సంగతి కూడా మీ సూపర్‌వైజరుకు చెప్పండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎక్కువగా జరిగేది అదే.