మారుమనస్సు, పశ్చాత్తాపం ఒకటేనా?

ప్రశ్న: బైబిల్లో "మారుమనస్సు పొందుడి" అని ఉంటుంది. మామూలుగా మనం పశ్చాత్తాపం అంటాం కదా. రెండూ ఒకటే అయితే ఈ వేరే మాట దేనికి?

జవాబు: ఒకటి కాదండి. పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట. తప్పు చేశాక లోపల రగిలేది పశ్చాత్తాపం. మారుమనస్సులో మంట ఊసే లేదు. మారుపేరు, మారువేషం అన్నప్పుడు "మారు" అంటే వేరొకటి. ఇదీ అలాగే, వేరే మనసు. గ్రీకు మూలంలో మాట మెటనోయియా. అందులో "నూస్" అంటే మనసు, "మెటా" మార్పును చెబుతుంది. లాటిన్ బైబిల్లో దీనికి వాడిన మాటను ప్రాయశ్చిత్తం చేసుకోవడంగా అర్థం చేసుకునేవారు. 1517లో జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటి రెండూ దీని మీదే: క్రీస్తు అడిగింది బతుకంతా సాగే మార్పునని, చర్చి గురువు దగ్గర జరిపే ప్రాయశ్చిత్త సంస్కారం కాదని. ఈ విషయంలో తెలుగు మాటే గ్రీకుకు దగ్గర.

మత్తయి 27:3 తీసి చూడండి. యేసును పట్టించిన యూదా "పశ్చాత్తాపపడి" 30 వెండి నాణేలు వెనక్కి తెచ్చాడు. అక్కడ గ్రీకులోనూ క్రియ వేరు. నాణేలు దేవాలయంలో పారేసి, వెళ్లి ఉరి వేసుకున్నాడు. మంట ఉంది, మారుమనస్సు లేదు. (ఇప్పటి "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి" ప్రకటనల్లో ఆ మంట కూడా ఉండదు, అది వేరే సంగతి.)

మరో ప్రశ్న: "మనసు మార్చుకొనుడి" అంటే సరిపోయేదిగా? "పొందుడి" ఏమిటి, ఎవరో ఇస్తే పుచ్చుకునేదా?

జవాబు: మంచి పాయింట్ పట్టారు. గ్రీకులో అది ఒక్క క్రియే, మనం చేయాల్సిన పనిగానే ఉంది. "పొందు" తెలుగులో వచ్చి చేరింది. అలాగని తప్పనలేం, అపొస్తలుల కార్యములు 11:18లో దేవుడే మారుమనస్సు "దయచేసియున్నాడు" అని ఉంది. కాకపోతే, వచ్చినప్పుడే వస్తుందిలే అని కూర్చునేవాళ్లకు ఈ "పొందు" కాస్త వీలిస్తుంది. "మనసు మార్చుకొనుడి" మాత్రం నాకు నచ్చదు. "వద్దామనుకున్నా, మళ్లీ మనసు మార్చుకున్నా" అంటాం. అది ప్లాన్ మార్చుకోవడమే.

అయినా పొందాక ఏం చేయాలో లూకా 3లో బాప్తిస్మమిచ్చే యోహాను తేల్చి చెప్పాడు: రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి, సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు) నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయకూడదు. ఏడవమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.