హాలు సీలింగ్‌కి రొకోకో అంటున్నారు, అసలు అదేంటండి?

కొబ్బరితోట (అమలాపురం దగ్గర):
కొత్తింటి హాలుకి పీవోపీ చేసే మేస్త్రి ఫోన్‌లో బొమ్మలు చూపించి, ఇది రొకోకో, రాజుల కాలంనాటిది, గోల్డ్ పెయింట్‌తో సహా చేసేస్తానంటున్నాడు. మా ఆవిడకి తెగ నచ్చేసింది, నాకేమో కల్యాణమండపంలా కనిపిస్తోంది. మాది మరీ పెద్ద హాలేం కాదు. నప్పుతుందా?

రేవుగట్టు:
రాజుల కాలందే గానీ దర్బారుది కాదండి. ఫ్రాన్స్‌లో 14వ లూయీ రాజు 1715లో పోయాక పెద్దింటివాళ్లు ఆయన దర్బారున్న వెర్సాయ్ వదిలి పారిస్‌లో ఇళ్లు కట్టుకున్నారు, ఆ చిన్న గదులకి పాత దర్బారు హంగు మోయలేనంత బరువనిపించి లేత రంగులు, సన్నటి తీగలు, గవ్వలు, అద్దాలు పెట్టుకున్నారు. కాబట్టి చిన్న హాలుకి నప్పుతుంది. గది మొత్తం రెండు పక్కలా సరిపోయినట్టే ఉన్నా, చాలాచోట్ల విడిగా ఒక్కో నగిషీ చూస్తే ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, అదే గుర్తు. పారిస్‌లో సుబీస్ భవనంలో బొఫ్రాన్ అనే ఆర్కిటెక్టు చేసిన కోడిగుడ్డు ఆకారపు గది ఫోటోలు చూడండి, 1730ల నాటిది, గోడ ఎక్కడ అయిపోయి పైకప్పు ఎక్కడ మొదలైందో తెలీదు. అచ్చుపోసిన పువ్వు నాలుగు మూలలా అతికించి రొకోకో అంటే ఎలా?

యానాం వైపు:
చిన్న గదులకే అంటే ఒప్పుకోను. జర్మనీలో వీస్ చర్చి పచ్చిక బయళ్ల మధ్య ఉంటుంది, 1745లో మొదలెట్టి 1754కి పూర్తిచేశారు, జిమ్మర్‌మాన్ అన్నదమ్ముల్లో తమ్ముడు కడితే అన్న పైకప్పుకి బొమ్మలేశాడు. ఆ నగిషీ అంతా సున్నం, జిప్సమ్ కలిపిన గారే, తడి ఆరేలోగా చేత్తో మలిచింది. మీకూ గోపురాల మీద బొమ్మలు చేసేవాళ్లు దొరికితే వాళ్లనడగండి. (ఫ్రెంచివాళ్లు మా యానాంలో దిగిందీ ఆ రోజుల్లోనే, 1723లో. బట్టల వ్యాపారానికొచ్చారు, సీలింగులు చెయ్యడానికి కాదు.)

వరిచేను:
ముందు స్లాబుకి నెమ్ము ఉందేమో చూసుకోండి. పీవోపీ నీళ్లు పీల్చేస్తుంది, మన వానలకి ఏ లూయీ వచ్చినా నిలబెట్టలేడు.

కొబ్బరితోట:
మేస్త్రినడిగానండి, ఓ పక్కకి ఒరిగేలా చేస్తావా అని. "చేస్తానండి, తర్వాత వంకరొచ్చిందని డబ్బులు కోసేది మీరే కదండి" అన్నాడు.

రేవుగట్టు:
ఆ గొడవ పారిస్‌లోనూ అయిందండి. 1754లో కోషాన్ అనే చిత్రకారుడు కంసాలులకి వెటకారంగా ఓ విన్నపం రాసి అచ్చేయించాడు, కొవ్వొత్తి స్టాండు కాడ ఎవడో కావాలని వంచేసినట్టు కాకుండా దయచేసి నిటారుగా చెయ్యండి బాబూ అని.