కళింగపట్నమా, బారువా, చింతపల్లా? పెద్దవాళ్ళతో తొందర లేకుండా సముద్రం చూడాలంటే

కోటదగ్గరిల్లు:
అందరికీ నమస్కారం. మేముండేది విజయనగరంలో. సంక్రాంతి హడావిడి తగ్గాక జనవరి నెలాఖరులో మా అమ్మానాన్నలు కరీంనగర్ నుంచి వస్తున్నారు. మానేరు డ్యామ్ తప్ప అంత పెద్ద నీళ్ళు చూసే అలవాటు లేని మనుషులు. ఇంతకుముందు ఓసారి ఆదివారం సాయంత్రం వైజాగ్ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే నాన్న ఆ జనాన్ని చూసి "ఇంటికి పోదాం పా" అన్నారు, కారు కూడా దిగలేదు. అందుకని ఈసారి వైజాగ్ వద్దు. నాలుగైదు రోజులు శ్రీకాకుళం వైపు ఎక్కడైనా ప్రశాంతంగా ఉండాలని ఉంది.

మా సంగతి ఇదీ: అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. నాన్న శాకాహారి, కానీ గుళ్ళూ శాసనాలూ అంటే పిచ్చి. పిల్లలిద్దరికీ ఇసుకా, చేపల వేపుడూ ఉంటే చాలు. మా ఆయన మాత్రం అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం, తేలినీలాపురం, బారువ అన్నీ మూడు రోజుల్లో పెట్టి ఒక లిస్టు రాశారు. చూస్తేనే నాకు నీరసం వస్తోంది. ఎక్కడ దిగితే బాగుంటుంది, వీటిలో ఏవి వదిలేయొచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వంశధార_గట్టు:
మాది గార మండలమే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

మీవారి లిస్టులో సగం కొట్టేయండి. ఏటండీ అంత తొందర? శ్రీకాకుళం టౌన్‌లో గది తీసుకుని అక్కడి నుంచే తిరగండి. కళింగపట్నం బీచ్ దగ్గరే ఉండాలని అందరికీ అనిపిస్తుంది గానీ అక్కడ గదులు తక్కువ. అదీకాక రాత్రి ఎనిమిదింటికి అమ్మగారికి ఏ మాత్రో కావాలన్నా, నాన్నగారికి వేడి ఇడ్లీ కావాలన్నా టౌన్‌లో ఉంటేనే సుఖం. టౌన్ నుంచి కళింగపట్నం ముప్పై కిలోమీటర్లలోపే, సాయంత్రం బయల్దేరినా ఏమీ కాదు.

అరసవల్లికి తెల్లారకుండానే వెళ్ళిపోండి, టౌన్‌ని ఆనుకునే ఉంది. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు నేరుగా లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడే గుడి ఇదేనని నాన్నగారికి తెలిసే ఉంటుంది. జనవరిలో అది కనపడదు, ముందే చెప్పి ఉంచండి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: బుకింగ్ చేసే ముందు క్యాలెండర్‌లో రథసప్తమి ఎప్పుడుందో చూడండి. జనవరి నెలాఖరు అంటున్నారు కదా, కొన్నేళ్ళు సరిగ్గా అప్పుడే పడుతుంది. ఆ ముందు రాత్రి నుంచే క్యూలు కడతారు, టౌన్‌లో గది దొరకదు, దొరికినా రేటు మామూలుగా ఉండదు. మాఘమాసం ఆదివారాలు కూడా వద్దు.

దర్శనం అయ్యాక టిఫిన్ తిని గదికి వచ్చి పడుకోండి. నిజంగానే చెప్తున్నా, పడుకోండి. మూడు దాటాక శ్రీకూర్మం. విష్ణువుని కూర్మరూపంలో మూలవిరాట్టుగా కొలిచే గుడి, స్వామి పడమటి వైపు చూస్తూ ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి. శాసనాలంటే పిచ్చి అన్నారు కాబట్టి నాన్నగారిని ఆ స్తంభాల మధ్య వదిలేస్తే మళ్ళీ పిలిచి తెచ్చుకోవాల్సిందే. ప్రాకారం లోపల గోడల మీద పాత బొమ్మలు ఉన్నాయి, రంగులు వెలిసిపోయాయి కానీ నిలబడి చూస్తే కథలు తెలుస్తాయి. పిల్లలకి గుడి ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళు చూపించండి, వాటి దగ్గర్నుంచి కదలరు. అక్కడి నుంచి కళింగపట్నం వెళ్తే సరిగ్గా వెలుగు మెత్తబడే వేళకి చేరతారు.

మనది తూర్పు తీరం, కాబట్టి సముద్రంలో సూర్యుడు మునగడం చూపిస్తామని పిల్లలకి మాటివ్వకండి. కావాలంటే ఇంకో రోజు తెల్లవారుజామున రండి, అలివి వల (ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద వల) లాగేవాళ్ళు కూడా కనపడొచ్చు. లైట్‌హౌస్ ఉంది, ఒకప్పటి రేవు ఇది, ఓడల్లో సరుకు వెళ్ళిన ఊరు. ఇప్పుడు ఇసుకా గాలీ, అంతే. వంశధార సముద్రంలో కలిసేది కూడా ఆ పక్కనే. ఆ సంగమం వైపు మాత్రం పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కింద ఇసుక జారిపోతుంది, నీళ్ళు లోపలికి లాగేస్తాయి. పాదాలు తడుపుకోవడం వరకే.

మినపరొట్టె:
పైన గుళ్ళ గురించి చెప్పేశారు కాబట్టి నేను తిండి సంగతి చూసుకుంటా.

మీ నాన్నగారు కరీంనగర్ మనిషి అన్నారు. మా వైపు పులుసులో బెల్లం పడుతుంది, చాలా హోటళ్ళలో కూడా. మొదటి ముద్దకి ముఖం చిట్లిస్తారు, కాబట్టి ముందే చెప్పండి. ఆవపెట్టిన కూరలు మాత్రం ఆయనకి నచ్చితీరతాయి, కంద బచ్చలో అరటికాయో ఏదైనా సరే, పచ్చి ఆవ నూరి చివర్లో కలిపి దింపేస్తారు, ఆ ఘాటు ముక్కుకి తగలాలి. కానీ ఇది హోటల్లో అడిగితే దొరికేది కాదు. ఇళ్ళలో భోజనం వండి పెట్టే మెస్‌లు ఉంటాయి కదా, వాటిలో ముందురోజు చెప్తే చేస్తారు. మీరు దిగే చోట వాచ్‌మన్‌నో ఆటో అతన్నో అడగండి, ఆన్‌లైన్ రేటింగుల కంటే అదే నయం. పొద్దున మినపరొట్టె దొరికితే వదలకండి, మందంగా, పైన కరకరలాడుతూ.

సంక్రాంతి అయిపోయినా చాలా ఇళ్ళలో అరిసెలూ పోకుండలూ ఇంకా డబ్బాల్లో ఉంటాయి. ఎవరైనా చుట్టాలుంటే సిగ్గుపడకుండా వెళ్ళండి. తేగల కాలం కూడా అదే, రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతారు, కాల్చినవి తీసుకోండి. పీచు తీసి చూపిస్తే పిల్లలు తింటారు. బీచ్‌లో మురీ మిక్చర్ ఎలాగూ తప్పదు. నిమ్మకాయ ఎక్కువ పిండమనండి.

చేపల విషయంలో నాదొక కడుపుమంట ఉంది. హైవే పక్కన ఒక హోటల్లో "ఇప్పుడే వచ్చింది" అని ఐసులో నానిన కోనాం ముక్కలు అంటగట్టారు, పిండిలా విడిపోయాయి. అడిగితే అదే జాతి అని వాదన. కాబట్టి ముక్క కోయకముందే చూడండి: కళ్ళు ఉబ్బి మెరవాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. పిల్లలకైతే మెత్తళ్ళ వేపుడు చాలు, ముల్లు తీసే పని కూడా ఉండదు, కరకరా నమిలేస్తారు. పొద్దున పడవలు వచ్చే వేళకి ఒడ్డున ఉంటే అక్కడే కొని మెస్‌లో ఇచ్చేయండి. నాన్నగారి వంట వేరే మూకుడులో చేస్తారో లేదో మాత్రం కనుక్కోండి, శాకాహారులకి అదో పెద్ద పట్టింపు కదా.

ఉద్దానం_కొబ్బరి:
కళింగపట్నం బాగుంటుంది, కాదనను. కానీ బారువ చూడకుండా సముద్రం చూశామంటే మా సోంపేట వాళ్ళం ఒప్పుకోం 🙂

కొబ్బరి తోటలు దాటగానే ఒక్కసారిగా ఇసుక, పక్కన మహేంద్రతనయ వచ్చి కలుస్తుంది, ఇక్కడా లైట్‌హౌస్ ఉంది. మామూలు రోజుల్లో మనిషి అలికిడి ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం (సోంపేట, పలాస వైపు తోటల ప్రాంతం) కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది, ఆ తర్వాత పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే నిలబడుతున్నాయి, దారిలో మీకే తెలుస్తుంది ఏ తోట పాతదో ఏది కొత్తదో. శీతాకాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిళ్ళు టార్చ్‌లు వేసుకుని వెతుక్కుంటూ పోవద్దు, ఆ వెలుగుకి అవి వెనక్కి తిరిగిపోతాయి.

అయితే శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. పెద్దావిడతో పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేద్దామంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. వస్తే పలాసలోనో సోంపేటలోనో ఒక రాత్రి ఉండేలా రండి, లేకపోతే ఈసారికి వదిలేయండి. వస్తే మాత్రం పలాస కాశీబుగ్గలో జీడిపప్పు కొనుక్కోండి. 240 అంటే పెద్ద గుండు (విరగని పూర్తి గింజ), 320 కొంచెం చిన్నది, ఆ అంకె పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో చెప్తుంది, అంటే అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదన్నమాట. కూరల్లోకి, పాయసంలోకి బద్దలు చాలు, అనవసరంగా గుండుకి డబ్బు పోయకండి.

నెల్లిమర్ల_సైడు:
ఇంత దూరాలు ఎందుకు? మీ ఇంటికి చింతపల్లి బీచ్ దగ్గర కదా, పూసపాటిరేగ వైపు. లైట్‌హౌస్ ఉంది, జనం లేరు. వాళ్ళు వచ్చిన మర్నాడే సాయంత్రం అక్కడికి తీసుకెళ్ళి చూడండి. అమ్మగారు ఇసుకలో ఎంతసేపు కూర్చోగలరో, ఎంత దూరం నడవగలరో తెలుస్తుంది, దాన్ని బట్టి మిగతా ప్లాన్. ఒక మడత కుర్చీ పట్టుకెళ్ళండి, అది లేకపోతే పెద్దవాళ్ళకి బీచ్ శిక్షే.

కోటదగ్గరిల్లు:
చాలా థ్యాంక్సండీ అందరికీ. బారువ విషయంలో మా ఆయన ఎంత చెప్పినా వినేలా లేరు కానీ ఈసారికి తీసేయిస్తాను. చింతపల్లి ఐడియా బాగుంది, కుర్చీ కూడా రాసుకున్నాను. ఒక్క డౌట్. శ్రీముఖలింగం, శాలిహుండం రెండిట్లో ఒకటే చూడాలంటే ఏది? నాన్న రెండూ అంటారు, అమ్మ ఏదీ వద్దంటుంది.

వంశధార_గట్టు:
అమ్మగారు వస్తే శ్రీముఖలింగం. శాలిహుండం కొండ మీద, పెద్ద ఎత్తు కాదు గానీ ఎక్కాల్సిందే, ఆవిడకి వద్దు.

శ్రీముఖలింగం ఊళ్ళోనే ఉంది గుడి, కొండెక్కే పని లేదు. తూర్పు గంగరాజులు కళింగనగరంగా ఏలిన చోటు. మధుకేశ్వరుడి గుడి చుట్టూ తిరిగి బయటి గోడల మీద చెక్కిన పని చూడండి, చాలామంది దర్శనం చేసుకుని బయటికి వచ్చేస్తారు, అది చూడరు. ఊరి మొదట్లోనే సోమేశ్వరాలయం కనపడుతుంది, అక్కడ కూడా కారాపండి. నరసన్నపేట మీదుగా పొద్దున్నే వెళ్ళండి, దారి పొడుగునా పొలాలే, హోటళ్ళు ఉండవు. భోజనం తిరిగొచ్చి నరసన్నపేటలో.

నాన్నగారు శాలిహుండం కూడా కావాలంటే దానికీ దారి ఉంది. కళింగపట్నం వెళ్ళే సాయంత్రం అమ్మగారినీ పిల్లల్నీ మీతో బీచ్‌లో దింపేసి, మీవారు ఆయన్ని తీసుకుని వెనక్కి శాలిహుండం వెళ్ళి రావచ్చు, దూరం కాదు. వంశధార ఒడ్డున బౌద్ధ స్తూపాలూ చైత్యాలూ, పైనుంచి నది కనపడుతుంది. 1919లో ఆ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారే, మన వ్యావహారిక భాష గిడుగే. ఆ ఒక్క మాట చెప్తే నాన్నగారు పరిగెత్తుకుని ఎక్కుతారు. చీకటి పడకముందే దిగిపోమనండి.

మినపరొట్టె:
పక్షుల్ని ఎవరూ పట్టించుకోలేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో జనవరిలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఉంటాయి, సెప్టెంబరు నుంచి మార్చి దాకా అక్కడే చింతచెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. శ్రీముఖలింగం వెళ్ళిన రోజే దీన్నీ కలపొద్దు, అలిసిపోతారు. ఒక రోజు మిగిలితేనే. బైనాక్యులర్ లేకపోతే పిల్లలు పది నిమిషాలకే విసుగు అంటారు, కాబట్టి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

వంశధార_గట్టు:
ఇంకోటి, కారు మాట్లాడేటప్పుడు రోజుకి ఇంత అని కాకుండా కిలోమీటర్ల పరిమితి, డ్రైవర్ బత్తా, రాత్రి ఉంటే ఎక్స్‌ట్రా ఇవన్నీ ముందే తేల్చుకోండి. అమ్మగారి కోసం ముందు సీటు వెనక్కి జరిగే బండి అడగండి, కాలు చాపుకోవడానికి. మధ్యాహ్నం నిద్ర ప్లాన్‌లో ఉందని డ్రైవర్‌కి కూడా చెప్పండి, లేకపోతే ఒంటిగంటకే హారన్ కొడతాడు.